నీ వేలికి ఏమైంది?

చిన్నీ,

ఫోన్ చేద్దామంటే మేకప్‌లో ఉన్నావో ఫ్లోర్ మీద ఉన్నావో తెలియదు, మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడి ఊరుకుంటాయి, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కంగారు పడకు, ఇక్కడ ఏమీ కాలేదు. మీ నాన్న మోకాలు అలాగే ఉంది, పండుగాడికి ముందు పళ్ళు ఊడాయి, మీ చిన్నత్త మళ్ళీ ఇల్లు మారతానంటోంది. నువ్వు మాట్లాడి ఇరవై రెండు రోజులైంది. కూర్చుని లెక్కపెట్టలేదులే, గ్యాస్ బుక్ చేసిన రోజు క్యాలెండర్ మీద రాసుకుంటాను కదా, ఆ రోజే నువ్వు చేశావు. రోజూ పదకొండింటికి టీవీలో నువ్వూ అల్లుడూ కలిసి చేసే షోలో గంటసేపు నిన్ను చూస్తూనే ఉన్నాను. 'అందరూ ఎలా ఉన్నారండీ' అని అడుగుతావు, బాగానే ఉన్నామే అని నేను టీవీకి చెబుతుంటాను.

అసలు రాయాల్సింది నీ చెవి గురించి. ఆ ఇయర్‌పీస్ ఎప్పుడూ ఎడమ చెవిలోనే పెట్టుకుంటున్నావు. చిన్నప్పుడు చీము కారింది ఆ చెవే. కుడివైపుకి మార్చమని అడిగితే మారుస్తారు, అడగడానికి మొహమాటం ఎందుకు? పీసీఆర్‌లోంచి, అదే ఆ కంట్రోల్ రూమ్‌లోంచి, డైరెక్టర్ చెవిలో మాట్లాడుతూనే ఉంటాడు, పక్కన మీ ఆయన మాట్లాడుతుంటాడు, రెండూ వింటూ గెస్ట్‌ని చూసి నవ్వాలమ్మా అని నువ్వే చెప్పావు. అందుకే మంగళవారం అల్లుడు మాట్లాడుతున్నంతసేపూ నువ్వు అటు తిరగకపోతే, చెవిలో ఏదో చెబుతున్నారు కాబోలు అన్నారు మీ నాన్న. నేనూ అలాగే అనుకున్నాను. మరి బుధవారం?

పై వాటా ఆవిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. మీ ఇద్దరి ఫొటోలు చెరో పక్క, మధ్యలో అద్దం పగిలినట్టు గీత, పైన ఎర్రటి అక్షరాలతో 'విడిపోతున్నారా?' అని. ఎనిమిది నిమిషాల వీడియోలో ఏడు నిమిషాలు మీ పెళ్ళి ఫొటోలే, చివర్లో మీరేమంటారో కామెంట్ చెయ్యమన్నాడు. ప్రశ్న గుర్తు పెట్టాడంటే వాడికీ తెలియదన్నమాటే కదండీ అని ఆవిడని పంపించేశాను. తర్వాత నేనూ చూశాను, రెండుసార్లు. చూస్తే వాడికి డబ్బులొస్తాయని తెలిసీ చూశాను.

సరే, వదిలెయ్. ఆ బూడిద రంగు సోఫాలో నడుముకి ఏమీ ఆసరా లేదు, వెనక చిన్న దిండు పెట్టుకో, కెమెరాకి కనపడదు. రాత్రి ఎంత ఆలస్యమైనా మేకప్ కడుక్కునే పడుకో.

నీ వేలు కూడా చూశాను. సోమవారం ఎడమ చూపుడు వేలికి బ్యాండ్ ఎయిడ్, మంగళ, బుధ, గురువారాల్లోనూ అదే, ఒక చివర కొంచెం లేచి, అదే తీరున. చీరలు మారాయి, నగలు మారాయి, అది మాత్రం మారలేదు. అంటే ఆ నాలుగు ఎపిసోడ్లూ ఒక్క రోజులో తీసినవే. టెలికాస్ట్‌కి రెండు మూడు వారాల ముందే ఎపిసోడ్లు తీసి దాచిపెట్టుకుంటామని, బ్యాంక్ చెయ్యడం అంటారని నువ్వు చెప్పినది గుర్తుంది. కాబట్టి ఏదైనా జరిగి ఉంటే ఆ ఒక్క రోజే జరిగి ఉండాలి, అదీ ఎప్పుడో అయిపోయి ఉండాలి. మీరు ఎప్పుడో కలిసిపోయిన గొడవకి నేనిప్పుడు నిద్ర మానుకుంటున్నానేమో. కాకపోతే ఆ రోజు నుంచే మాటల్లేకుండా ఉన్నారా? శుక్రవారం వేలికి ఏమీ లేదు, మీ ఇద్దరికీ మధ్య మాత్రం కుషన్ అలాగే ఉంది.

మీ నాన్న నాకు చెప్పకుండా రాత్రిళ్ళు నెట్‌లో చదివారు, ఎవరెవరు భార్యాభర్తలు ఇలా పగటిపూట షో చేశారో అని. ఇంగ్లండ్‌లో రిచర్డ్ మేడ్లీ, జూడీ ఫినిగన్ అనే జంట ఉన్నారట, 1988లో మొదలుపెట్టి 2001 దాకా పొద్దున పూట ఒకే సోఫా, ఆ తర్వాత వేరే ఛానల్‌కి వెళ్ళి 2008 దాకా అక్కడా కలిసే. అమెరికాలో కెల్లీ రిపా, మార్క్ కాన్సుయెలోస్‌లకి 1996లో పెళ్ళయితే 2023 నుంచి షో కలిసి చేస్తున్నారట, అంటే పెళ్ళి గట్టిపడ్డాక సోఫా ఎక్కారు. చూశావా ఏమీ కాదు అని నాకు ధైర్యం చెప్పారు. ఆయన పడుకున్నాక అదే ఫోన్‌లో వెనక్కి వెళ్ళి చూస్తే మూడో జంట కూడా ఉంది. ఎమన్ హోమ్స్, రూత్ లాంగ్స్‌ఫోర్డ్. 2006 నుంచి కలిసి చేశారు, 2010లో పెళ్ళి, 2024లో విడాకులు తీసుకుంటున్నామని చెప్పారు. అది నాకు చెప్పలేదు. నేనూ చూశానని ఆయనకి చెప్పలేదు.

మేం మాత్రం తక్కువ తిన్నామా? నీలం బీరువా అమ్మేసిన ఏడాది నీకు ఊహ తెలియదు. ఆ బీరువా గొడవతో మేమిద్దరం పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. ఇంట్లో అయితే సరిపోయేది, మీ అమ్మమ్మ ఉంది మధ్యలో. కానీ ఒకే బడి, పక్కపక్క క్లాసులు, మధ్యలో చెక్క తడికె. నాకు చాక్‌పీసులు కావాలి, డబ్బా ఆయన దగ్గర. నా క్లాసు లీడర్ పిల్లని పిలిచి 'సార్‌ని చాక్‌పీసులు ఇమ్మన్నారని చెప్పు' అన్నాను. ఆయన 'మేడమ్ పొద్దున్నే తీసుకెళ్ళొచ్చుగా అని చెప్పు' అని పంపించారు. నేను 'పొద్దున్న డబ్బాకి తాళం వేసినదెవరో అడుగు' అన్నాను. ఆ పిల్ల రెండు జడలు ఊపుకుంటూ తడికె ఇటూ అటూ తిరిగి తిరిగి అలిసిపోయింది. నాలుగో రోజుకి నా మాట మొదలవగానే క్లాసంతా చేతులు కట్టుకుని వినేవారు, లెక్కలు చెబితే అంత శ్రద్ధ లేదు. ఆరో రోజు ఆ పిల్ల వచ్చి 'సార్ మీకు తలనొప్పి తగ్గిందా అని అడిగారు మేడమ్' అంది. నేను గట్టిపడి తగ్గిందని చెప్పు అన్నాను. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి, మీరు నడిచి రావద్దన్నారు మేడమ్, మీరు ఎండలో నిలబడొద్దన్నారు మేడమ్. పదకొండో రోజు సాయంత్రం నేనే మెత్తబడి, అన్నిసార్లు అడిగించారు కదా, నేరుగా అడిగితే ఏం పోయేది అన్నాను. ఆయన తెల్లమొహం వేశారు. 'నువ్వే కదా, సార్ చొక్కా బాగుందని చెప్పించావు' అన్నారు. ఇద్దరిలో ఎవరమూ ఏమీ చెప్పించలేదు. ఆ పిల్లే అల్లేసింది! ఆరో తరగతి.

ఆ క్లాసులో నలభై మందీ ఇంటికెళ్ళి ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు లేవు కాబట్టి మా కాపురం ఆ తడికె దగ్గరే ఆగింది. నీకా వసతి లేదు. అందుకే చెబుతున్నాను, ఉపన్యాసం అనుకోకు. ఇంటి సంగతులు లింకుల్లో, అదే షోలో ఒక అంశానికీ ఇంకో అంశానికీ మధ్య మీరు చెప్పే మాటల్లో, వాడటం తగ్గించండి. ఆయన గురక, నీ మతిమరుపు, తాళాలు ఎక్కడ పెట్టావు, మొదట్లో మేమూ నవ్వాం. స్క్రిప్టులో ఖాళీ వచ్చినప్పుడల్లా ఇంట్లోంచి ఒక ముక్క తెచ్చి అతికిస్తే, రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు చెప్పుకోవడానికి ఏం ఉంటుంది? జనం ముందు అలగొద్దు, జనం కోసం కలవొద్దు కూడా. రెండోదే నాకు ఎక్కువ భయం. 'మేం బాగానే ఉన్నాం' అని ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వీడియో పెట్టమని ఛానల్ వాళ్ళు అడుగుతారు, రేటింగ్ వస్తుందంటారు. పెట్టకండి. నాకు ఫోన్ చేస్తే చాలు. ఇంకో మాట, ఆ ఉద్యోగానికి మీరిద్దరూ కలిసి ఒకే సంతకం పెట్టారేమో చూసుకో, ఒకరికి ఒంట్లో బాగోకపోతే రెండోవాళ్ళు ఒక్కరే చెయ్యొచ్చో లేదో. చూశావా, మళ్ళీ మొదలుపెట్టాను.

అల్లుడిని అడిగానని చెప్పు. నిజంగా చెప్పు, అల్లి చెప్పకు. ఆయన ఆ రోజు కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడని నేను పట్టించుకోలేదని కూడా చెప్పు. సన్నబడ్డాడు, లేక ఆ నల్ల కోటు వల్లో. మీరిద్దరూ ఒకేసారి వస్తే వచ్చారు, నువ్వొక్కదానివే వచ్చినా గది సర్దే ఉంది, నేనేమీ అడగను. మీ నాన్న అడుగుతారు, ఆయన్ని ఆపడం నా పని.

గురువారం ఫోన్ చెయ్యనులే, రేటింగులొచ్చే రోజు. మిగతా రోజుల్లో ఎప్పుడైనా సరే, అర్ధరాత్రైనా సరే. మీ నాన్న వెనక నిలబడి ఏం రాస్తున్నావని అడుగుతున్నారు, కరెంటు బిల్లు కడుతున్నానని చెప్పాను. నమ్మినట్టు లేరు, 'చెవి సంగతి రాశావా' అంటున్నారు.

ఇంతకీ ఆ వేలికి ఏమైంది? తెగిందా, కాలిందా? కట్టు ఎవరు కట్టారు?

అమ్మ