ఎనిమిది కిలోల పడవలో బాస్ చేపల వేట

ఒరే బావా,

మొన్న ఫోన్లో "శని ఆదివారాలు అక్కడ ఏం చేస్తుంటావురా" అని నువ్వడిగితే చేపలు పడతాను అన్నాను, "ఇంకా మానలేదా" అని నువ్వు నవ్వావు, ఈలోపు లైన్ కట్టయింది. మానడం కాదురా, ఈ నాలుగేళ్ళలో చిన్నప్పటి పిచ్చి మళ్ళీ పట్టుకుంది. ఫోన్లో చెప్తే సగంలో ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిక చూసుకుని చదువు.

ముందు పడవ సంగతి. నాకు చేప కంటే ముందు పడవే నచ్చింది. 12 అడుగుల పొడుగు, 8 కిలోల బరువు. మన పాతిక కేజీల బియ్యం బస్తాలో మూడో వంతు అనుకో. ఇక్కడ అమెరికాలో దీన్ని ప్యాక్ కెనూ అంటారు. కార్బన్, కెవ్లార్ గుడ్డల్ని రెజిన్ అనే జిగురుతో పొరలు పొరలుగా అతికించి చేస్తారు, కెవ్లార్ అంటే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడేదే. బల్ల ఏమీ ఉండదు, అడుగున పల్చటి మెత్త వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు ఒకటి. అంతే. ఇంజను లేదు, బ్యాటరీ లేదు, ట్రైలర్ లేదు. కారు మీద నుంచి ఒంటి చేత్తో దించి భుజానికి తగిలించుకుని నడిచిపోతాను.

కొల్లేట్లో మీ తాతయ్య తాటిదోనె గుర్తుందా? దాన్ని గట్టు మీదికి లాగాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలి, కానీ ఒకసారి నీళ్ళలో పడ్డాక ఎంత నెమ్మదిగా, చప్పుడు లేకుండా కిక్కిసలోకి జారిపోయేదో! అందులో కూర్చుంటే నీళ్ళు జానెడు దూరంలో ఉండేవి, చెయ్యి ఊరికే వేలాడేస్తే వేళ్ళు తడిసేవి. మొదటిసారి ఈ కెనూలో కూర్చున్నప్పుడు నాకు సరిగ్గా అదే గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత నీళ్ళు మళ్ళీ జానెడు దూరానికి వచ్చాయి.

నేను వెళ్ళేది అడిరాండాక్స్ అనే కొండల ప్రాంతానికి. మా ఆల్బనీ నుంచి ఉత్తరంగా సారనాక్ లేక్ ఊరి దాకా కారులో రెండున్నర గంటల పైనే పడుతుంది. 1892లో న్యూయార్క్ రాష్ట్రం దాన్ని పార్కుగా ప్రకటించింది. 60 లక్షల ఎకరాలు, అందులో చెరువులూ సరస్సులూ 3,000 పైచిలుకు. చాలా చెరువులకు రోడ్డు లేదు, ఒక చెరువు నుంచి ఇంకో దానికి అడవిలో కాలిబాట ఉంటుంది, పడవ మోసుకుని వెళ్ళాలి. తేలిక పడవ విలువ అక్కడ తెలుస్తుంది. పెద్ద పడవ ఉన్నవాళ్ళు రోడ్డు పక్క సరస్సులోనే తిరుగుతారు, నేను పావుగంట నడిచి వెనక చెరువులో దిగుతాను, ఆ పొద్దున ఆ చెరువు మొత్తానికి నేనొక్కణ్ణే.

ఈ తేలిక పడవల వెనక ఒక మనిషి కథ ఉంది, నీకు నచ్చుతుంది. జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అని ఒకాయన, నెస్‌మక్ అనే పేరుతో పత్రికలకు రాసేవాడు. పొట్టివాడు, యాభై కిలోలు ఉంటాడేమో, పైగా ఊపిరితిత్తుల జబ్బు. మామూలు పడవ మోయలేడు, అడవిలోకి వెళ్ళకుండానూ ఉండలేడు. కాంటన్ ఊళ్ళో హెన్రీ రష్టన్ అనే పడవల మేస్త్రీ ఉంటే ఆయన చేత ఇంకా తేలిగ్గా, ఇంకా తేలిగ్గా అని చేయించుకుంటూ పోయాడు. చివరికి 9 అడుగుల దేవదారు పడవ తయారైంది, బరువు పదిన్నర పౌండ్లు, అంటే ఐదు కిలోలు కూడా లేదు. పేరు సెయిరీ గ్యాంప్. 1883లో, అరవై దాటిన ఆ మనిషి దాంట్లో ఒంటరిగా 266 మైళ్ళు తిరిగాడు! వందేళ్ళ తర్వాత ఓల్మ్‌స్టెడ్‌విల్ అనే పల్లెలో పీటర్ హార్న్‌బెక్ అనే బడిపంతులు ఆ పడవ తీరునే తీసుకుని కెవ్లార్‌తో చెయ్యడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఈ కొండల్లో ఏ చెరువు గట్టున చూసినా ఆ రకం పడవలే కనిపిస్తాయి. జబ్బు మనిషి ఒకడు పట్టుబట్టి చేయించుకోకపోతే నా భుజం మీదికి ఈ పడవ వచ్చేది కాదేమో అని మోస్తున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక చేప. బాస్ అంటే మన దగ్గర లేదు కాబట్టి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. రూపంలో కాదు గానీ బుద్ధిలో మన కొరమీనే అనుకో. కలువాకుల నీడలో కదలకుండా పొంచి ఉంటుంది, దగ్గరికి ఏదొచ్చినా, కప్ప కానీ తూనీగ కానీ, ఒక్క ఉదుటున మింగుతుంది. కొరమీను తన ఎర్రెర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరగడం మనం ఎన్నిసార్లు చూళ్ళేదు! బాస్ కూడా అంతే, కాకపోతే ఇక్కడ కాపలా మగదే. వసంతంలో నీళ్ళు కాస్త వేడెక్కగానే తోకతో ఇసుకా గులకా ఊడ్చి పళ్ళెంలాంటి గూడు చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, పిల్లలు ఈదేదాకా మగది పక్కనే ఉండి దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. ఆ రోజుల్లో గూడు మీద ఉన్నదాన్ని పట్టడం నాకు ఇష్టం ఉండదు. తండ్రిని పైకి లాగిన నిమిషంలో చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. రూలు ప్రకారం కూడా పట్టి ఇంటికి తెచ్చుకోవాలంటే జూన్ 15 దాకా ఆగాలి, ముందు పడితే వదిలెయ్యాలి. తెచ్చుకునేది కూడా 12 అంగుళాలకు తక్కువ ఉండకూడదు, రోజుకు ఐదుకు మించకూడదు.

(ఇంకో విషయం, మన కొరమీను జాతి చేపల్ని ప్రాణంతో ఈ దేశంలోకి తేవడం 2002 నుంచి నిషేధం. ఇక్కడి చెరువుల్లో పడితే మిగతా చేపల్ని బతకనివ్వదని భయం. మనకు ఆదివారం కూర, వీళ్ళకు టెన్షన్.)

బాస్‌లో రెండు రకాలు. లార్జ్‌మౌత్ పచ్చగా ఉంటుంది, పక్కన నల్లటి పట్టె, నోరు తెరిస్తే పెదవి మూల కంటిని దాటిపోతుంది. జమ్ము, కలువలు, బురద దానికి ఇష్టం. స్మాల్‌మౌత్ ఇత్తడి రంగు, ఎర్రటి కళ్ళు, రాళ్ళూ చల్లటి నీళ్ళూ కావాలి. నాకు రెండోదంటే ప్రాణం. గేలం తగలగానే మొదటిది అడుగుకు లాగితే ఇది గాల్లోకి లేస్తుంది. మూడు నాలుగుసార్లు ఎగిరి తల విదిలిస్తుంది, నీళ్ళు నీ మొహాన పడతాయి.

సామాను చెప్తాను, విని నువ్వు నమ్మవు. ఆరడుగుల గేలం కర్ర ఒకటి, రీలు, ఎనిమిది పౌండ్ల బరువు తట్టుకునే తంగూసు. చొక్కా జేబులో పట్టే డబ్బాలో కొన్ని గేలాలు, మెత్తటి ప్లాస్టిక్ వానపాములు ఒక ప్యాకెట్, నీళ్ళ మీద బుడుంగు బుడుంగుమనే కప్ప బొమ్మ ఒకటి, గేలం ఊడదీసే పట్టకారు. లంగరు కూడా కొన్నది కాదు, వలసంచిలో గట్టు మీది రాళ్ళు నాలుగు వేసి తాడు కడతాను, వెళ్ళేటప్పుడు రాళ్ళు అక్కడే పారబోస్తాను. ప్లాస్టిక్ వానపాము అంటే ఏదో అనుకోకు, 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన అక్రన్ ఊళ్ళో తన ఇంట్లోనే తయారుచేశాడు దాన్ని, బాస్ వేట తీరే మారిపోయింది. దాన్ని సరిగ్గా నడుం దగ్గర గేలానికి గుచ్చి, కలువాకుల అంచున వేసి, ఏమీ చెయ్యకుండా ఊరుకోవాలి. రెండు చివరలూ సన్నగా వణుకుతూ అదే దిగుతుంది. తంగూసు మీద కన్నేసి ఉంచాలి. ఒక్కసారి అది పక్కకు నడవడం మొదలుపెడుతుంది చూడు, అచ్చం మన బెండు మునిగినప్పుడు గుండె ఎలా ఆగేదో అలాగే.

పెద్ద చేప తగిలాక అసలు మజా. మోటారు పడవలో అయితే పడవ కదలదు, చేపే రావాలి. ఇక్కడ పడవ బరువెంత, నేనెంత? ముక్కు దానివైపు తిరుగుతుంది, మెల్లగా దాని వెంట పోతుంది. పోయిన జూన్లో 18 అంగుళాల స్మాల్‌మౌత్ ఒకటి నన్ను రాళ్ళ దిబ్బ దగ్గర నుంచి చెరువు మధ్యకు లాక్కుపోయింది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, కర్ర రెండు చేతులా పట్టుకుని, అది ఎటు తీసుకుపోతే అటు పోయాను. అంత సంతోషం ఎప్పుడు పడ్డానో నాకు గుర్తు లేదు. ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అలా లేదు. చివరికి బొటనవేలు నోట్లో పెట్టి కింది పెదవి పట్టుకుంటే బుద్ధిగా ఊరుకుంటుంది. పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి, ఓ పది చేపలు పడిన రోజు వేలు గీరుకుపోతుంది, సోమవారం ఆఫీసులో కీబోర్డు మీద ఆ వేలు చూసుకుంటే బాగుంటుంది.

ఇక్కడ పోటీల వాళ్ళు వాడే పడవలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, 250 హార్స్‌పవర్ ఇంజన్లు, చేపల్ని బొమ్మలా చూపించే స్క్రీన్లు రెండు మూడు. వాళ్ళ సరదా వాళ్ళది. కానీ 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే పల్లెటూరి కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్ పట్టాడు, అదీ సొంతంగా చేసుకున్న నాటు పడవలో. ఆ చేపను ఇంట్లో వండుకుని తినేశారు. 2009లో జపాన్లో బివా సరస్సులో ఒకాయన దానికి సమంగా పట్టేదాకా ఆ రికార్డును ఎవరూ అందుకోలేదు. నాకు రికార్డులు అక్కర్లేదు, చేపకూ నాకూ మధ్య ఎంత తక్కువ సామాను ఉంటే అంత బాగుంటుంది.

అపాయం లేదని కాదు. రెండేళ్ళ కింద మే నెలలో చేపను అందుకోబోయి పక్కకు ఒరిగాను, అంచు మీద నుంచి నీళ్ళు వచ్చేశాయి, పడవ బోల్తా. నడుం లోతే, గట్టు పది గజాలే, అయినా ఆ చలికి ఊపిరి గొంతులో ఆగిపోయింది. మంచు కరిగిన నీళ్ళురా, ఎండ చూసి మోసపోకూడదు. ఇక్కడ చిన్న పడవల్లో నవంబర్ 1 నుంచి మే 1 దాకా లైఫ్ జాకెట్ వేసుకోవాలని చట్టం ఉంది, నేను మాత్రం అప్పటి నుంచి ఏ నెలయినా తియ్యను. తల పడవ ముక్కుకు సూటిగా, మధ్యలోనే ఉంచుకోవాలి, చేపను పక్కకు తెచ్చుకోవాలి తప్ప మనం చేప దగ్గరికి వంగకూడదు. అదొక్కటి తెలిస్తే చాలు.

లూన్ అనే పక్షి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. నీటికాకికి పెద్దన్నలా ఉంటుంది, నల్లటి తల, వీపు మీద తెల్ల చుక్కల ముగ్గు, ఎర్ర కళ్ళు. మంచు తెర ఇంకా లేవకముందు అది కూస్తే ఎవరో దూరంగా ఏడుస్తున్నట్టు, పిలుస్తున్నట్టు ఉంటుంది, కొండకు తగిలి తిరిగొస్తుంది. మొదటిసారి విన్నప్పుడు తెడ్డు ఆపి కూర్చుండిపోయాను. గేలానికి బరువు కోసం కట్టే సీసం గుండు ఒక్కటి మింగినా ఆ పక్షి చచ్చిపోతుంది, అందుకే ఈ రాష్ట్రంలో 2004 నుంచి చిన్న సీసం గుండ్లు అమ్మడం ఆపేశారు. నా డబ్బాలో సీసం లేదు, బరువు కావాలంటే టంగ్‌స్టన్‌వి వాడతాను, ధర ఎక్కువే, పోనీ.

తింటావా అని అడుగుతావు కదా. దాదాపు అన్నీ వదిలేస్తాను. ఒకసారి 13 అంగుళాలవి రెండు తెచ్చాను, మీ చెల్లి పులుసు పెట్టింది. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, ముళ్ళు తక్కువ, కానీ కొవ్వు లేక పులుసుకు ఆ రుచి రాలేదు. మర్నాడు మిగిలిన ముక్కలు కారం పట్టించి వేయిస్తే మాత్రం పిల్లలు పళ్ళెం నాకారు. పెద్దవి తినకపోవడమే మంచిది, బొగ్గు కరెంటు ప్లాంట్ల పొగ నుంచి పాదరసం ఈ చెరువుల్లో దిగింది, పెద్ద చేపల ఒంట్లో అది పేరుకుంటుంది. ఆ పొగ వల్లే ఆమ్ల వర్షాలు పడి ఇక్కడ ఎన్నో చెరువుల్లో చేపలే లేకుండా పోయాయి. 1990లో గాలి కాలుష్యం చట్టం గట్టి చేశాక కొన్ని మళ్ళీ కోలుకుంటున్నాయి. అది చదివినప్పుడు మన కొల్లేరు గుర్తొచ్చింది. ఇప్పుడు నీళ్ళు ఎలా ఉన్నాయిరా? ఆటపాక వైపు గూడబాతులు ఈ ఏడు బాగా వచ్చాయా? తాటిదోనె ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే ఒక ఫొటో తీసి పంపు, అడుగు భాగం ఎలా చెక్కారో కూడా కనిపించాలి.

ఇంకో మాట. వచ్చే ఏడు నీ కూతురు చదువుకి ఇటు వస్తుందన్నావు కదా, దింపడానికి నువ్వు కూడా వస్తే ఆగస్టులో రా. మే, జూన్ నెలల్లో ఇక్కడ నల్ల ఈగలు రక్తం తాగేస్తాయి, ఆగస్టుకు అవి ఉండవు, నీళ్ళూ వెచ్చగా ఉంటాయి. ఇంకో కెనూ అద్దెకు తీసుకుంటాను, నీకు చేపలు పట్టే లైసెన్సు ఫోన్లోనే కొనెయ్యొచ్చు. పొద్దున మూడింటికి లేవాలి, ముందే చెప్తున్నాను. ఆ వెనక చెరువు పేరు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నీకు చూపిస్తాను.

అత్తకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు. దోనె ఫొటో మర్చిపోకు.

ఉంటాను రా.