సర్ఫ్ సంగీతానికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

అరవైల నాటి పాశ్చాత్య సంగీతం అనగానే మన పత్రికల్లో బీటిల్స్ గురించే రాస్తారు. వాళ్లు అమెరికాలో అడుగుపెట్టక ముందే దక్షిణ కాలిఫోర్నియా తీరాన్ని ఊపేసిన సర్ఫ్ సంగీతానికి (పలక మీద నిలబడి అలలపై సాగే సర్ఫింగ్ ఆట చుట్టూ పుట్టిన సంగీతం) నాలుగు వాక్యాలైనా దక్కకపోవడం అన్యాయం.

దానికి ప్రాణం పోసినవాడు గిటారిస్టు డిక్ డేల్. ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్లకు బిగించినట్టున్న తీగలను మార్చకుండానే గిటార్‌ను తిప్పి పట్టుకుని వాయించేవాడు. 1961లో ఆ తీరంలోని బాల్బోవాలో ఆయన కచేరీలకు కుర్రకారు విరగబడి వచ్చేది. ఆ హోరుకు స్పీకర్లు పాడైపోతుంటే, గిటార్ల తయారీదారు లియో ఫెండర్ ఆయన కోసం ఇంకా శక్తిమంతమైన ఆంప్లిఫయర్ తయారు చేయాల్సి వచ్చింది. డేల్ తండ్రి వైపువారు లెబనాన్ మూలాలున్నవారు. 1962లో డేల్ వాయించిన 'మిసిర్లూ' తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత బాణీయే. దాన్ని ఒకే తీగ మీద, ఊపిరి సలపనంత వేగంగా మీటాడు. ఇప్పుడు విన్నా ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత బీచ్ బాయ్స్ బృందంవారు ఈ సంగీతానికి మాటలు, గొంతుల మేళవింపు జోడించి దేశమంతా తీసుకెళ్లారు. 1963లో వాళ్లకు పెద్ద పేరు తెచ్చిన 'సర్ఫిన్ యూఎస్ఏ' బాణీ మాత్రం చక్ బెర్రీది. ఆ నల్లజాతి కళాకారుడి పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు. 1964లో బీటిల్స్ రాకతో పాట లేకుండా వాయించే సర్ఫ్ వాద్య బృందాల జోరు తగ్గింది. బీచ్ బాయ్స్‌లోని బ్రయన్ విల్సన్ మాత్రం అలల పాటలు వదిలి, 1966లో 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌తో కొత్త దారి పట్టాడు.

మీ ఆదివారం అనుబంధంలో వీళ్ల గురించి ఒక పూర్తి వ్యాసం వేయించండి.

- ఒక పాఠకురాలు, విశాఖపట్నం