హెంప్ కారప్పొడి ఈసారికి లేదు, ఎందుకంటే

అందరికీ నమస్కారం. దీపావళి దాటాక హెంప్ (గంజాయి జాతిలోనే మత్తు దాదాపు లేని రకం) గింజల కారప్పొడి, నూనె మళ్లీ పెడతానని చెప్పాను కదా, పెట్టడం లేదు. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి వగైరా అన్నీ బెంగళూరు మారతహళ్లి షాపులో ఎప్పటిలాగే ఉంటాయి, డెలివరీలో కూడా మార్పు లేదు. ఈ రెండే కొత్త పంట వచ్చేదాకా ఉండవు. స్టాక్ లేదని ఒక్క ముక్క పెట్టి ఊరుకోమన్నాడు మా ఆయన. కానీ "గంజాయి గింజల పొడా, బాబోయ్" అని జనం నవ్విన రోజుల్లో ధైర్యం చేసి కొన్నది మీరే, అందుకని మొత్తం చెబుతున్నాను.

కొత్తవాళ్ల కోసం కొంచెం. మనకి గింజలు ఉత్తరాఖండ్ కొండల నుంచి వస్తాయి. మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం దాటని హెంప్‌ని లైసెన్సు తీసుకుని పెంచడానికి అక్కడ అనుమతి ఉంది. ఆ గింజలు, వాటి నూనె, పిండి ఆహారంగా అమ్ముకోవచ్చని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021లో చెప్పింది. గింజల్లో టీహెచ్‌సీ కిలోకి 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 దాటకూడదు. డబ్బా మీద ఆకు బొమ్మ ఉండకూడదు. ఆకు బొమ్మ వేస్తే అమ్మకాలు అదిరిపోతాయని సలహా ఇచ్చేవాళ్లకు ఇదే నా జవాబు.

అసలు సంగతి ఏమిటంటే, మా సప్లయర్ ఈ ఏడాది రకం మార్చేశాడు. నాకు చెప్పలేదు. అక్కడి నాటు మొక్క తాటిచెట్టంత కాకపోయినా మనిషిని మించి పెరుగుతుంది, కొమ్మలు పల్చగా, కంకులు వదులుగా ఉంటాయి, వాన పడినా గాలికి ఆరిపోతుంది. ఈయన దాని బదులు ఎక్కడిదో ఇండికా అనే గంజాయి జాతి వంతు ఎక్కువున్న సంకరం వేయించాడు. పొట్టిగా, గుబురుగా, వెడల్పాటి ఆకులతో ఉండే మొక్క, నాటు రకం కంటే ముందే కోతకొస్తుందని ఆశ. ఆ జాతి పుట్టిల్లు అఫ్గానిస్తాన్ వైపు హిందూకుష్ కొండలు, పొడిగాలి దేశం. అక్కడ దాని పూత గట్టిగా, కిక్కిరిసి వచ్చినా నష్టం లేదు. తేమ ఉన్నచోట మాత్రం అదే దాని చావుకొస్తుంది. మన చిక్కబళ్లాపుర వైపు ద్రాక్ష రైతులని అడగండి, గుత్తి బిగుతుగా ఉంటే వాన తర్వాత లోపలి పళ్లే ముందు కుళ్లుతాయి, పైకి చూస్తే నిగనిగలాడుతుంటుంది. ఇదీ అంతే. బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజు రెండింటికీ పడుతుంది, కంకి లోపల కాడ దగ్గర మొదలై, బయట ఒకటి రెండు ఆకులు వాడినట్టు కనిపించేసరికి లోపలంతా గోధుమరంగు పొడి అయిపోయి ఉంటుంది.

తేమ ప్రాంతంలో ఇలాంటి మొక్క పెంచకూడదని కాదు. దూరదూరంగా నాటాలి, లోపలి ఆకులు తుంచి గాలి ఆడనివ్వాలి, పూత దశలో ఆకుల మీద నీళ్లు పడనివ్వకూడదు, వాన వచ్చేట్టుంటే నాలుగు రోజులు ముందే కోసేయాలి. ఇవేమీ ఆయనకు తెలియనివి కావు. నాటు రకానికి పెట్టిన దూరంలోనే దీన్నీ పెట్టి, కోత వేళకు వాన పట్టుకుంటే "ఆరతాయిలే" అని వదిలేశాడు.

బస్తా విప్పగానే తెలిసిపోయింది. హెంప్ గింజకు మంచి వేరుసెనగ లాంటి కమ్మటి వాసన ఉంటుంది. ఇది తడి గోనెసంచీ వాసన. చెయ్యి పెడితే గింజలు విడిగా జారకుండా ఉండలుగా వచ్చాయి, ఉండని నలిపితే వేళ్లకు బంక, బంకలో బూడిద నూగు. ఒక గింజ కొరికి చూశాను, లోపల తెల్లగా ఉండాల్సింది పసుపు తిరిగి చేదెక్కింది. మాకు నూనె ఆడే మిల్లాయన తేమ మీటరు పెట్టి చూస్తే 14 శాతం చూపించింది. నిల్వ చేసే గింజ 9 లోపు ఉండాలి.

ఆ బంకే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. గింజ లోపల టీహెచ్‌సీ దాదాపు ఉండదు, గింజని కప్పి ఉండే ఆకు తొడుగుకి అంటుకున్న జిగురులో ఉంటుంది. నాటు రకం జల్లెడ పట్టి తూర్పారబడితే శుభ్రమైపోతుంది. ఈ గుబురు రకానికి జిగురెక్కువ, పైగా తడిసి ముద్దయింది. ల్యాబ్ రిపోర్టు చూపించమంటే వాట్సాప్‌లో పంపాడు. పైన బ్యాచ్ నంబరు పోయినేడాది పంటది! అడిగితే, "మేడమ్, మీది చిన్న పార్టీ, మీ బస్తాలకి ఎవరు టెస్టు చేయిస్తారు, బాగా వేయించి కారం దట్టించండి, వాసన పోతుంది" అన్నాడు.

చిన్న పార్టీనే. ఒప్పుకుంటాను. కానీ నా పొడిలో కారం వాసన కప్పడానికి వెయ్యను. బూజు పట్టిన గింజలో విషం పుడితే మూకుట్లో వేయించినా పూర్తిగా పోదు, వేరుసెనగ వ్యాపారం చేసేవాళ్లెవరైనా చెబుతారు.

ఇక నేను నిద్ర పోగొట్టుకున్నది ఈ బస్తాల గురించి కాదు, తర్వాత ఏం చెయ్యాలన్న దాని గురించి. విదేశాల నుంచి వచ్చే పొట్టు తీసిన హెంప్ పప్పు ఇక్కడే హోల్‌సేల్‌లో దొరుకుతుంది. రిపోర్టులు పక్కాగా ఉంటాయి, శుభ్రంగా ఉంటుంది, చూడటానికీ బాగుంటుంది. మా ఆయన లెక్కలు వేసి మరీ చూపించాడు, లాభం కూడా ఎక్కువేనట. శాంపిల్ తెచ్చి పొడి చేశాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. కానీ పొట్టుతో వేయిస్తే వచ్చే ఆ కరకర, ఆ కాస్త మాడు రుచి రాలేదు. కొండల్లో వీటితో చట్నీ నూరుకునేవాళ్ల గింజ అని చెప్పి ఇన్నాళ్లూ అమ్మి, ఇప్పుడు అదే డబ్బాలో ఇంకోటి పోసి, లేబుల్ వెనక చిన్న అక్షరాల్లో దేశం పేరు మార్చడం నాకు చేతకాలేదు. పెద్ద అక్షరాల్లో మార్చొచ్చు కదా అని మా అమ్మాయి అంది. అనొచ్చు. రెండు రాత్రులు అటూ ఇటూ ఊగి, చివరికి వద్దనుకున్నాను. ఇది మొండితనం అని ఇంట్లో తీర్పు వచ్చేసింది, అప్పీలు లేదు.

బస్తాలు వెనక్కి పంపేశాను. లారీ కిరాయి నాదే. అడ్వాన్సు ఇంకా రాలేదు, వస్తుందన్న ఆశా పెద్దగా లేదు. నాటు రకమే వేసే ఇంకో రైతుల బృందంతో మాట్లాడుతున్నాను. ఈసారి గింజ బయల్దేరే ముందే శాంపిల్ తెప్పించి ఇక్కడి ల్యాబ్‌లో నా డబ్బుతో టెస్టు చేయిస్తాను, ఆ రిపోర్టు షాపులో గోడకి అతికిస్తాను. ధర కొంచెం పెరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను.

తరచూ అడిగే రెండింటికీ ఇక్కడే జవాబు. ఇండికా గింజల నూనె అయితే నిద్ర బాగా పడుతుందా అంటే, పట్టదండీ, గింజ నూనె ఏ మొక్కదైనా వంటనూనే, అదీ పోపుకి పనికిరాదు, పైన వేసుకోవాలి. అసలు ఇండికా అని, దానికి జోడీగా చెప్పే పొడుగు రకం సటైవా అని చీటీలు అంటించుకున్న ఇప్పటి సంకరాల్లో జన్యువులు ఆ చీటీలతో సరిగ్గా కలవవు. ఇక బాల్కనీ కుండీలో ఒక గింజ వేస్తే ఏమవుతుందని నవ్వుతూ అడిగే కుర్రాళ్లకి: నావి వేయించిన గింజలు, మొలవవు. మొలిచేవి ఎక్కడైనా దొరికినా, మత్తుమందుల మీద ఉన్న 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం కింద లైసెన్సు లేకుండా పెంచితే పదేళ్ల దాకా జైలు ఉంది. సరదా కాదు.

మీ దగ్గర పాత బ్యాచ్ నూనె సీసాలుంటే అవి పోయినేడాది గింజవి, భయం లేదు, ఫ్రిజ్‌లో పెట్టి వాడుకోండి, ముక్కవాసన వస్తే తెచ్చివ్వండి, మారుస్తాను. ముందే డబ్బు కట్టినవాళ్లకి ఈ శనివారం లోపు ఫోన్‌పేలో వెనక్కి వేసేస్తాను. వద్దు, వేరేది తీసుకుంటాం అంటే అవిసెగింజల కారప్పొడి తాజాగా చేశాను, దాంతో సర్దుకోండి. హెంప్ పొడి రుచి వస్తుందా అని మాత్రం అడక్కండి, రాదు.