ఒక్క కొక్కెం

నల్లకుంట, హైదరాబాదు

చి. సౌ. శైలజకు, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి మూడు వారాలైంది. పనుల్లో ఉంటావు, నేనేమీ అనుకోవడం లేదు.

నువ్వు పంపిన కోకాపేట ఫ్లాటు బాత్‌రూమ్ బొమ్మను మీ నాన్నగారు భూతద్దం పెట్టి చూశారు. గోడంత గుండ్రటి అద్దం, దాని కింద పచ్చడి జాడీ మూతంత బేసిన్! మొదట నవ్వొచ్చింది, చూడగా చూడగా నచ్చింది. కింద గరుకు తాండూరు నాపరాయి, గోడకు తళతళలాడే ఇత్తడి నల్లా, సబ్బుకు గోడలోనే దీపం గూడు లాంటి గూడు. ఇంకే సామానూ లేదు. బాగుంది. తువ్వాలుకు మాత్రం ఒకటే కొక్కెం గీశావు. మేస్త్రీ మరిచిపోయి ఉంటాడన్నారు నాన్నగారు. బొమ్మ గీసింది మేస్త్రీ కాదు కదా.

నాపరాయి అంటే సున్నపురాయే తల్లీ, యాసిడ్ తగలకూడదు. 1991లో, నువ్వు కడుపులో ఉండగా, మీ నాన్నగారు స్వయంగా తాండూరు వెళ్లి నీలం రాళ్లు లారీకెత్తించి తెచ్చారు. గృహప్రవేశం ముందురోజు సిమెంటు మరకలు పోవాలని యాదమ్మ చేతికి యాసిడ్ సీసా ఇచ్చిందీ ఆయనే. బుసబుసా పొంగి, గుమ్మడికాయంత తెల్ల మచ్చ పడింది. నేనొక మాటన్నాను, ఆయన నాలుగన్నారు. తెల్లారేసరికి ఆ మచ్చ మీద మా అత్తగారి గంగాళం వెలిసింది. ఇంత చిన్న గదిలో అంత గంగాళమా అని చుట్టాలు అడిగితే వేడినీళ్లకన్నాం. పదకొండు రోజులు మాటల్లేవు. పన్నెండో రోజు గంగాళం తోమడానికి నాకు చేయి సాయం కావలసి వచ్చింది. నీ పెళ్లి దాకా అది అక్కడే ఉంది. నువ్వు అందులో కూర్చుని ఆడుకునేదానివి కానీ ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు.

అన్నట్టు, అల్లుడుగారు మణికొండలో స్నేహితుడి గదిలో ఉంటున్నారని మీ విజయ పిన్ని ఏదో అంది. దాని మాటలు నీకు తెలిసినవే.

నల్లాకు చింతపండు రాసేటప్పుడు కింద పాత గుడ్డ పరుచు. ఇత్తడికి మెరుపునిచ్చే పులుపే రాయిని తినేస్తుంది. పక్కపక్కన పెట్టావు కనుక రెండింటినీ నువ్వే చూసుకోవాలి. రాళ్లు పరిచే ముందు రెండు రోజులు నీళ్లు నిలబెట్టించి, కింది ఇంటివాళ్ల కప్పు తడిసిందేమో చూసి రా. వాలు మీటరుకు ఒక సెంటీమీటరైనా ఉండాలి. నల్ల టైళ్లు వద్దు, బోరు నీళ్ల చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వేళకు తింటున్నావా? లెక్చరు ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

గోంగూర పచ్చడి పంపుతున్నాను. తువ్వాళ్లు రెండు కొన్నాను, నీలం అంచుది నీకు. పెద్దది ఎక్కడ తగిలిస్తావో ఫోను చేసి చెప్పు. రాత్రి పదకొండయినా ఫరవాలేదు, నాకు నిద్ర పట్టడం లేదు.

అమ్మ