భవనం కట్టారు సరే, ల్యాబ్ నడిపేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కొత్త పరిశోధన భవనాలు, ఆధునిక ప్రయోగశాలలు వస్తున్నాయని తరచూ వార్తలు చదువుతున్నాను. సంతోషమే. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు జీవశాస్త్రం బోధించి రిటైరైనదాన్ని. కణజీవశాస్త్ర ల్యాబ్ కష్టసుఖాలు దగ్గర నుంచి చూశాను కాబట్టి ప్రభుత్వాన్ని ఒక్క మాట అడగాలనుంది. ఆ ల్యాబ్‌ను రోజూ చూసుకునే టెక్నీషియన్‌ను ఎప్పుడు ఇస్తారు?

రసాయనాల సీసాలైతే బీరువాలో పెట్టి తాళం వేసుకుని ఊరెళ్లొచ్చు. బతికున్న కణాలను అలా వదిలేసి పోలేం. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ రాత్రింబవళ్లు ఉండాలి. రెండు మూడు రోజులకోసారి మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చాలి. కణాలు కిక్కిరిసిపోతే కొత్త ఫ్లాస్కుల్లోకి పంచాలి. గ్యాస్ సిలిండర్ అయిపోయిందా, ఎర్రగా ఉండాల్సిన మీడియం వంగపువ్వు రంగుకు తిరుగుతుంది. బ్యాక్టీరియా పడితే పసుపుపచ్చగా మారి మసకబారుతుంది. ఇవి కంటికి కనిపించే నష్టాలు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా పడితే అదీ ఉండదు. మీడియం రంగు చూసి పోల్చుకోలేం, మామూలు మైక్రోస్కోపులో దొరకదు, పెన్సిలిన్ దెబ్బతీసే కణకవచమే లేని జీవి కాబట్టి ఆ మందు దాన్నేమీ చేయదు. కణాలు పైకి బాగానే పెరుగుతుంటాయి, ఫలితాలు మాత్రం నమ్మదగినవి కావు. క్రమం తప్పకుండా పరీక్షించే మనిషి లేకపోతే ఒక విద్యార్థి ఏళ్ల తరబడి చేసిన పీహెచ్‌డీ పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

నేను పనిచేసిన చోట ఒకసారి దసరా సెలవుల్లో కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, తనంతట తాను ఆన్ కాదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ అలారం మోగుతుంటే వాచ్‌మన్ విన్నాడు కూడా. ఎవరికి ఫోన్ చేయాలో తలుపు మీద ఒక నంబరైనా రాసి లేదు. సెలవులు అయ్యాక పిల్లలు వచ్చి తలుపు తీస్తే అరల నిండా నీళ్లు, ట్యూబుల మీది లేబుళ్లు ఊడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అందులో ఆసుపత్రి నుంచి రోగుల అనుమతితో తెచ్చిన కణితి నమూనాలున్నాయి. అవి మళ్లీ ఎక్కడి నుంచి వస్తాయి? వాటి మీద పనిచేస్తున్న అమ్మాయి థీసిస్ అంశమే మార్చుకోవాల్సి వచ్చింది. ఆమె ముఖం గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటివి ఎవరో ఒకరి నిర్లక్ష్యం వల్ల జరిగేవి కావు. ఆ పని ఫలానా వారిదని లేకపోవడం వల్ల జరుగుతాయి. చాలాచోట్ల సిలిండర్లు మోసేది, ద్రవ నైట్రోజన్ తెచ్చేది, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ నడిపేది, కొనుగోలు ఇండెంట్ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేది ఫెలోషిప్ మీద వచ్చిన పరిశోధక విద్యార్థులే. వాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లగానే వాళ్లకు తెలిసిన మెలకువలన్నీ వాళ్లతోనే వెళ్లిపోతాయి. తర్వాత వచ్చిన వాళ్లు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెడతారు. కోట్లు పెట్టి లేజర్‌తో పనిచేసే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కొనడానికి వెనకాడని వాళ్లు, దాన్ని చూసుకునే ఉద్యోగి దగ్గరికి వచ్చేసరికి ఔట్‌సోర్సింగ్ అంటున్నారు. కాంట్రాక్టు ముగిసి ఏజెన్సీ మారితే, పని బాగా నేర్చుకున్న కుర్రాడు ఇంటికి పోవాలి. అధ్యాపకుల ఖాళీల గురించి అడపాదడపా అయినా మాట్లాడుకుంటున్నాం. టెక్నీషియన్ల ఖాళీల ఊసే లేదు.

మనకు ఈ విషయం ఎవరో బయటినుంచి వచ్చి నేర్పనక్కర్లేదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) 1977లో అప్పటి ప్రాంతీయ పరిశోధనాలయంలోని జీవరసాయన విభాగం నుంచే పుట్టింది. పుష్పమిత్ర భార్గవ దానికి మొదటి డైరెక్టర్. సొంత ప్రాంగణాన్ని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేసింది 1987లో. అక్కడ పెద్ద పరికరాలను అందరూ వాడుకునే ఉమ్మడి విభాగాల్లో ఉంచి, వాటికి సాంకేతిక సిబ్బందిని పెట్టారు. పుణేలో జాతీయ కణశాస్త్ర కేంద్రం ఉన్నది అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే. దేశమంతటా ల్యాబ్‌లు కణాలు తెప్పించుకునే బ్యాంకు అది. కేంద్ర సంస్థలకున్నంత డబ్బు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు లేదు, ఒప్పుకుంటాను. ఉమ్మడిగా వాడుకోవడానికి, చూసుకునే మనిషిని పెట్టుకోవడానికి అంత డబ్బు అక్కర్లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన వసతుల కోసం ఉన్న ఫిస్ట్ లాంటి కేంద్ర పథకాల కింద ఐదేళ్లకు నిధులొస్తాయి, పరికరాలు వస్తాయి. గడువు తీరాక ఏఎంసీ (ఏటా కట్టాల్సిన నిర్వహణ ఒప్పందం సొమ్ము) కట్టే నాథుడుండడు. చిన్న లెన్సో, లేజరో పాడైతే యంత్రం మొత్తానికి గుడ్డ కప్పేస్తారు. దీనికితోడు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే పరికరాల మీద 5 శాతం జీఎస్టీ కడితే చాలన్న రాయితీని 2022 జులైలో ఎత్తేయడంతో పన్ను 18 శాతానికి చేరింది. అంటే 50 లక్షల యంత్రానికి రెండున్నర లక్షలు కట్టేచోట తొమ్మిది లక్షలు. ఆ తేడాతో మీడియంలో కలిపే దూడ పిండం సీరం, ప్లాస్టిక్ ఫ్లాస్కులు ఎన్ని వచ్చేవో ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు. అడిగితే మారదనుకోవడానికి లేదు. 2024 బడ్జెట్లో ల్యాబ్ రసాయనాల మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం చేస్తే, శాస్త్రవేత్తలు గట్టిగా గొంతెత్తాక కేంద్రం వెనక్కి తగ్గింది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు, ఉన్నత విద్యామండళ్లకు నా విన్నపం ఇదే. కణజీవశాస్త్ర ల్యాబ్ మంజూరు చేసే జీవోలోనే దానికొక శాశ్వత టెక్నీషియన్ పోస్టు కూడా మంజూరు చేయండి. మరమ్మతులకు, గ్యాస్‌కు, సీరానికి ఏటా వేరుగా పద్దు పెట్టండి. ఫ్రీజర్లున్న గదికి దానంతటదే ఆన్ అయ్యే జనరేటర్, సెలవుల్లోనూ మోగే ఫోన్ అలారం ఉండేలా చూడండి. ఏ పరికరం పనిచేస్తోంది, ఏది ఎప్పటి నుంచి మూలనపడి ఉందో ప్రతి విశ్వవిద్యాలయం తన వెబ్‌సైట్లో పెట్టాలి. ఆ జాబితా ఇవ్వమని మీ విలేకరులు కూడా వైస్ ఛాన్సలర్లను అడిగితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఆచార్యురాలు