మధ్యాహ్నం ఎండలో పని ఆపిస్తూ ఉత్తర్వు ఇవ్వండి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జగిత్యాల జిల్లావాడిని, సెంట్రింగ్ మేస్త్రీని. 2021 నుంచి మూడేళ్లు ఖతర్‌లో పని చేసి వచ్చాను. అక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదు. టైమ్ కాగానే ఫోర్‌మన్ మమ్మల్ని కిందికి దింపేవాడు. అక్కడ అంతా బాగుందని నేను అనను. గల్ఫ్ నుంచి పెట్టెల్లో వచ్చిన మనుషులను మా ఊళ్లు మరచిపోలేదు. కానీ ఆ ఒక్క రూలు మా ప్రాణాలు కాపాడింది.

సొంత రాష్ట్రంలో ఆ రూలు లేదు. పోయిన మే నెలలో హైదరాబాద్‌లో ఒక సైట్‌లో ఇనుము కడుతున్నాం. రాడ్డు ముట్టుకుంటే చేయి కాలుతోంది. ఒంటిగంటన్నరకు నా పక్కన పనిచేసే కుర్రాడికి చెమట ఆగిపోయింది, మాట తడబడింది, కూలబడిపోయాడు. తువాలలు తడిపి కప్పి, కింది ఫ్లోర్‌కు మోసుకెళ్లాం. బతికాడు. ఆ రోజు అతనికి సగం కూలే ఇచ్చారు.

మధ్యాహ్నం బయటికి రావద్దని ప్రతి వేసవిలో చెబుతారు. పని మానేస్తే కూలి పోయేవాడికి ఆ మాట ఎలా పనికొస్తుంది? కేరళలో ఎండలు ముదరగానే కార్మిక శాఖే 12 నుంచి 3 దాకా ఎండలో పని ఆపమని ఉత్తర్వు ఇస్తుంది. మనకూ అలాంటిది కావాలి. అందులో కూలి కోయకూడదని స్పష్టంగా రాయాలి.

తెల్లవారుజామునే మొదలుపెట్టవచ్చు కదా అంటారు. అడ్డా మీద కూలీలను తీసుకెళ్లేదే ఎనిమిది, తొమ్మిదికి. సైట్ చేరేసరికి ఎండ ఎక్కేస్తుంది. వేసవిలో అడ్డా ఐదింటికే మొదలయ్యేలా కాంట్రాక్టర్లకు చెప్పాలి, ఆ టైమ్‌కు బస్సులు నడపాలి. స్లాబ్ పోయడం మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, నిజమే. అందుకే స్లాబులు రాత్రిపూట లైట్లు పెట్టి పోయించాలి.

2025లో మీ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ప్రకటించింది. సంతోషం. కానీ ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. మాకు ముందు కావాల్సింది సైట్‌లో నీడ, చల్లటి నీళ్లు, మధ్యాహ్నం విరామం, అవి ఉన్నాయో లేదో చూడటానికి మే నెల ఎండలో సైట్ ఎక్కే లేబర్ ఆఫీసర్. ఉత్తర్వు ఫిబ్రవరిలోనే ఇవ్వండి. మార్చి చివరికే మాకు రాడ్డు కాలడం మొదలవుతుంది.

ఇట్లు,
ఒక సెంట్రింగ్ మేస్త్రీ,
జగిత్యాల జిల్లా