కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2020 ఏప్రిల్ – 2021 మార్చి)

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదివి వినిపిస్తారు. ఈసారి వినాయక మండపం పెట్టలేదు, సంక్రాంతి ముగ్గులు ఎవరి గుమ్మం ముందు వాళ్ళే వేసుకున్నారు. ఏడాదంతా లాక్‌డౌన్, అక్టోబరు వరద, డిసెంబరులో జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికలతోనే సరిపోయింది.

లాక్‌డౌన్ మొదలయ్యాక చందాలు దాదాపు ఆగిపోయాయి. మన వీధుల్లో ప్రైవేటు స్కూలు టీచర్లు, క్యాబ్ నడిపేవాళ్ళు, కర్రీ పాయింట్ పెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆదాయం ఆగిన ఇళ్ళకు చందా కోసం వెళ్ళకూడదని కార్యవర్గం తీర్మానించింది. వాచ్‌మన్ జీతం మాత్రం ఆపలేదు. అందుకోసం కమ్యూనిటీ హాలుకు రంగులు వేయించాలని దాచిన డిపాజిట్ తీసేశాం. అద్దెలు తగ్గించేలా చూడమని కొందరు అడిగారు. అద్దె మీదే బతికే రిటైర్డ్ ఓనర్లూ మనలో ఉన్నారు కనుక, మీలో మీరే మాట్లాడుకోండని చెప్పడం తప్ప ఏమీ చేయలేకపోయాం. కొన్ని కుటుంబాలు సామాను సర్దుకుని సొంతూళ్ళకు వెళ్ళిపోయాయి.

ఆ పైన అక్టోబరు 13 రాత్రి వాన. నగర శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. పై చెరువు నిండి నాలా పొంగి, కింది వరుస ఇళ్ళలోకి నడుముల్లోతు నీళ్ళు వచ్చాయి. ఆ వారం హాలులోనే వంట, పడక. బియ్యం, దుప్పట్లు ఇచ్చిన సభ్యులకు, రెండు రోజులు మోటారు నడిపి సెల్లార్లలో నీళ్ళు తోడిన కుర్రాళ్ళకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. మొదట్లో చేతికే నగదు ఇచ్చారు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న గొడవ మన దగ్గరా నడిచింది. నీళ్ళు రాని పై అంతస్తులో కొందరికి వచ్చింది, సామాను మొత్తం పోయిన కింది అంతస్తు అద్దెవాళ్ళలో కొందరికి రాలేదు. తర్వాత మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. తెల్లవారుజాము నుంచే క్యూలు. ఈలోగా నవంబరు 17న ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది, మర్నాడే కోడ్ పేరుతో ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. క్యూలో నిలబడ్డవాళ్ళు ఉత్త చేతులతో ఇంటికొచ్చారు. కోడ్ ఉండాల్సిందే. కానీ వరదకూ ఓట్లకూ మధ్య ఏడు వారాలే మిగిల్చాక సాయం ఎక్కడ ముగుస్తుందో, ప్రచారం ఎక్కడ మొదలవుతుందో ఎవరు తేల్చగలరు? దీపావళి రోజునే 15,000 లోపు ఇంటి పన్నులో సగం మాఫీ ప్రకటించారు. పారిశుద్ధ్య కార్మికుల జీతం 14,500 నుంచి 17,500 చేశారు. జీతం పెంపును మాత్రం మన వాట్సాప్ గ్రూపులో ఎవరూ తప్పు పట్టలేదు.

ఎన్నికల్లో సంఘం ఏ పార్టీకీ మద్దతు ఇవ్వకూడదని, వచ్చిన ప్రతి అభ్యర్థి చేతిలో ఒకే కాగితం పెట్టాలని నవంబరు సమావేశంలో నిర్ణయించాం. అందులో ఉన్నది నాలా ఒక్కటే: పూడిక తీయాలి, కూలిన గోడ కట్టాలి, మలుపు దగ్గర ఇరుకు పైపు మార్చాలి. అందరూ తీసుకున్నారు, అందరూ చేస్తామన్నారు. పైపు ఎక్కడో చూపించమని అడిగి నడిచి వెళ్ళి చూసింది మాత్రం ఒక్కరే. ఢిల్లీ నుంచి పెద్ద నాయకులు దిగిన ఎన్నిక అది. మైకుల్లో వినపడిన మాటల్లో మురికినీటి పైపు వాటా చాలా తక్కువ.

ఆ రోజుల్లోనే ఒక పార్టీ తరఫు మనుషులు వచ్చి హాలుకు రంగులు వేయిస్తామన్నారు. కార్యవర్గం వద్దంది. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు కాదన్నారని కొందరు సభ్యులు ఇప్పటికీ కోపంగా ఉన్నారు కనుక జవాబు ఇక్కడే రాస్తున్నాం. రంగులు తీసుకున్నాక నాలా గురించి గట్టిగా అడగడానికి మనకు మొహం చెల్లదు. ఆ పార్టీ గెలిచినా, ఓడినా అంతే.

డిసెంబరు 1 మంగళవారం పోలింగ్. కరోనా వల్ల ఈవీఎంలు కాకుండా బ్యాలెట్ పేపర్లు వాడారు. శని, ఆదివారాలకు తోడు సోమవారం కార్తీక పౌర్ణమి సెలవు కలిసిరావడంతో చాలామంది ఊళ్ళకు వెళ్ళారు. ఊళ్ళో ఉన్నవాళ్ళలోనూ పేరు జాబితాలో లేక వెనక్కి వచ్చినవాళ్ళున్నారు, ముఖ్యంగా అద్దె ఇళ్ళు మారినవాళ్ళు. నగరం మొత్తం మీద పోలింగ్ 46 శాతానికి కాస్త పైన. ఫలితాలు మీకు తెలిసినవే. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. 2016లో టీఆర్ఎస్‌కు 99, బీజేపీకి 4 ఉండేవి.

మనకు అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. పాత కౌన్సిల్ గడువు ఫిబ్రవరి దాకా ఉంది. కొత్తవాళ్ళ ప్రమాణం, మేయర్ ఎన్నిక ఫిబ్రవరి 11న జరిగాయి. మధ్యలో రెండు నెలలు నాలా కాగితం ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో తెలియలేదు. పదవి ఉన్నవారికి ఆసక్తి లేదు, గెలిచినవారికి ఇంకా పదవి లేదు. మార్చిలో కొత్త కార్పొరేటర్ వచ్చి చూసి వెళ్ళారు. పూడికతీత మొదలైంది. గోడకు అంచనాలు వేస్తున్నారట, పైపు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. జూన్ వానలకు ముందే మళ్ళీ వెళ్ళాలి. వచ్చే సభ్యులు ముందుగా పేర్లు ఇవ్వండి.

జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నెలకు 20,000 లీటర్ల ఉచిత నీళ్ళకు పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం తప్పనిసరి. ఇంకా చేయించుకోనివారు హాలు దగ్గర ఆదివారం ఉదయం మన కుర్రాళ్ళ సాయం తీసుకోవచ్చు. ఇంటి పన్ను ముందే పూర్తిగా కట్టేసినవారు రసీదులు పారేయకండి, సగం మాఫీని వచ్చే ఏడాది పన్నులో సర్దుతామన్నారు.

ఈ సమావేశంలోనే కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి. అధ్యక్ష పదవికి ముగ్గురు ఆసక్తి చూపారు. కోశాధికారి పదవికి ఇప్పటిదాకా ఒక్క పేరూ రాలేదు. ఆగిపోయిన చందాలు ఇంకా చాలానే రావాల్సి ఉంది కనుక కారణం ఊహించగలం. అద్దెకున్నవాళ్ళూ పోటీ చేయవచ్చని పోయినేడాదే నిబంధన మార్చాం.

– కార్యదర్శి